«కలర్స్»ను మొదటిసారి వినబోయేవారికి

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, రాలీ నగరంలో పుట్టిన బిట్వీన్ ద బరీడ్ అండ్ మీ అనే, అప్పట్లో ఐదుగురు సభ్యులున్న బృందం 2007 సెప్టెంబరులో విక్టరీ రికార్డ్స్ ద్వారా కలర్స్ అనే ఆల్బమ్‌ను విడుదల చేసింది. ప్రోగ్రెసివ్ మెటల్‌లో, అంటే రాక్ సంగీతంలో బరువైన శాఖ అయిన మెటల్‌ను మలుపులు తిరిగే దీర్ఘరచనలుగా మలిచే శైలిలో, అల్లకల్లోలంగా వినిపించే ఆల్బమ్ ఏదని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పే పేరు ఇదే. ఇందులో ఎనిమిది భాగాలున్నాయి, మొత్తం నిడివి దాదాపు 64 నిమిషాలు. ఒక భాగం ముగిసి మరొకటి మొదలయ్యేచోట నిశ్శబ్దం ఉండదు కాబట్టి దీన్ని ఎనిమిది పాటలుగా కాక ఒకే దీర్ఘరచనగా తీసుకోవడం మేలు. తమ సంగీతాన్ని ఆ బృందమే «అడల్ట్ కాంటెంపరరీ ప్రోగ్రెసివ్ డెత్ మెటల్» అని చెప్పుకుంది. అడల్ట్ కాంటెంపరరీ అనేది అమెరికా రేడియోలో మృదువైన, ఎవరినీ ఇబ్బంది పెట్టని పాటలకు ఉన్న పేరు, డెత్ మెటల్ అనేది గర్జించే గొంతుతో సాగే ఉధృతమైన మెటల్ కాబట్టి, ఆ వర్ణనలోని చమత్కారం ఆల్బమ్ విన్న తరువాతే పూర్తిగా అర్థమవుతుంది.

వినడానికి ముందు చేసుకోవలసిన ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. మొదటిది, భాగాల వరుస చెడకుండా చూసుకోవడం. నేను దీన్ని మొదటిసారి హైదరాబాద్ నుంచి విశాఖపట్నం వెళ్లే రాత్రి రైలులో విన్నాను. నా ఫోను పాటలన్నింటినీ ఇంగ్లీషు అక్షరక్రమంలో పేర్చడంతో ఐదవ భాగమైన «యాంట్స్ ఆఫ్ ద స్కై» మొదట వచ్చింది. పదమూడు నిమిషాల ఆ భాగం ముగిశాక మెల్లని పియానో వినిపిస్తే, ఇది ఎంత విచిత్రమైన రచనా క్రమమని ఆశ్చర్యపోయాను తప్ప, లోపం ఫోనుదని గ్రహించడానికి వారం పట్టింది. అందుచేత పాటలు ఆల్బమ్ వరుసలోనే ఉన్నాయో లేదో చూసుకోండి, వరుసను కలగాపులగం చేసే షఫుల్‌ను ఆపివేయండి. ఒక పాట చివరను తరువాతి పాట మొదటితో కలిపేసే క్రాస్‌ఫేడ్ సదుపాయం ఉంటే దాన్ని కూడా ఆపివేసి, ఖాళీ లేకుండా వినిపించే అమరికను ఎంచుకోండి. రెండవది, శబ్దస్థాయి. ఈ సంగీతంలో డ్రమ్స్, రెండు గిటార్లు, బేస్ (మంద్రస్వరాలు పలికే గిటార్), గొంతు చాలాసేపు ఒకే ఉధృతితో కలిసి మోగుతాయి కాబట్టి, స్పష్టత కోసం శబ్దం పెంచితే స్పష్టత రాదు, చెవులు మాత్రం త్వరగా అలసిపోతాయి. మొదట్లో వచ్చే పియానో కొంచెం తక్కువగా వినిపించేంత స్థాయిలో పెట్టుకుంటే తరువాతి గంట సుఖంగా గడుస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తే, ఈ ఆల్బమ్ గందరగోళంగా తోచడానికి కారణం అందులో క్రమం లేకపోవడం కాదు, మన చెవి వెతికే చోట ఆ క్రమం లేకపోవడం. సినిమా పాటకు అలవాటుపడిన చెవి పల్లవి ఎప్పుడు తిరిగి వస్తుందా అని ఎదురుచూస్తుంది, చరణం ఎటు తిరిగినా చివరికి ఇంటికి చేరుకుంటామనే భరోసాతో ఉంటుంది. ఇక్కడ ఆ భరోసా చాలావరకు దొరకదు. అయితే గిటార్ మీద వాయించే చిన్న స్వరవాక్యం, అంటే రిఫ్, దాదాపు ప్రతిసారీ రెండు సార్లో నాలుగు సార్లో మళ్లీ వినిపించిన తరువాతే పక్కకు తప్పుకుంటుంది. చిన్న కొలతలో చూస్తే అంతా పునరావృత్తే, పెద్ద కొలతలో చూస్తే వెనుదిరిగి చూడని ప్రయాణం. కాబట్టి మొదటిసారి వినేటప్పుడు చేయవలసిన పని ఒక్కటే: ఒక వాక్యం ముగిసి మరొక వాక్యం మొదలయ్యే మలుపును పట్టుకోవడం. మలుపుకు ముందు ఏముంది, తరువాత ఏముంది అనే రెండు సంగతులు గమనిస్తే చాలు, ప్రతి స్వరాన్నీ పట్టుకోవాలని ప్రయత్నించేవారు రెండవ భాగం దాటేసరికి అలసిపోతారు.

దారిలో గుర్తుపెట్టుకోవలసిన మజిలీలు కొన్ని చెబుతాను. ఆల్బమ్ పియానోతో, మామూలు గొంతుతో పాడిన పాటతో నెమ్మదిగా మొదలవుతుంది. రెండు నిమిషాల పైచిలుకు ఉన్న ఈ మొదటి భాగం చివర సంగీతం ఒక్కసారిగా బరువెక్కి రెండవ భాగంలోకి దూకుతుంది, చాలామందికి బెదురు పుట్టేది ఇక్కడే. ఆ ఐదు నిమిషాలు ఓపిక పడితే మూడవ భాగం «ఇన్‌ఫార్మల్ గ్లటనీ» వస్తుంది. డ్రమ్స్ మోతతో మొదలయ్యే ఈ భాగంలో మామూలు గొంతుతో పాడే ఒక పల్లవి తిరిగి తిరిగి వస్తుంది కాబట్టి, కొత్తవారికి ఆల్బమ్ మొత్తంలో చేయి అందించేది ఇదేనని నా అభిప్రాయం. నాలుగవ భాగం «సన్ ఆఫ్ నథింగ్» పదకొండు నిమిషాలు సాగుతుంది. అందులో ఉధృతి అంతా కరిగిపోయి శూన్యంలో తేలుతున్నట్టు ఉండే ప్రశాంతమైన ఘట్టం వచ్చినప్పుడు కాసేపు కళ్లు మూసుకోండి, విశ్రాంతి కోసమే దాన్ని అక్కడ పెట్టారేమో అనిపిస్తుంది.

అటుపైన వచ్చే «యాంట్స్ ఆఫ్ ద స్కై» ఈ ఆల్బమ్ స్వభావాన్ని అన్నింటికంటే బాగా చూపించే భాగం. మెటల్ రిఫ్‌ల మధ్య నుంచి ఉన్నట్టుండి అమెరికా పల్లె సంగీతం తోసుకొస్తుంది, మద్యశాలలో జనం కేరింతలు కొడుతున్న సవ్వడి వినిపిస్తుంది. మొదటిసారి విన్నవారు దీన్ని వెక్కిరింతగా తీసుకోవచ్చు. కానీ ఆ ఘట్టాన్ని వాయించినవారి వేళ్లలో వెక్కిరింత లేదు. ఆ జానపద వాద్యశైలికీ వారి వేగవంతమైన గిటార్ శైలికీ మధ్య ఉన్న చుట్టరికాన్ని వారు గుర్తించినట్టే నాకు తోస్తుంది. ఆ కేరింతల తరువాత భాగాన్ని ముగించే విశాలమైన గిటార్ ఆలాపనకు ఆ హాస్యమే దారి చదును చేస్తుంది. ఆరవ భాగం గురించి ఎక్కువ చెప్పను, రెండవసారి వినేటప్పుడు అది తనంతట తానే తెరుచుకుంటుంది. ఏడవదైన «విరిడియన్» మూడు నిమిషాలకు లోపే ఉండే వాద్యరచన. అంతవరకూ మోతలో కలిసిపోయి వినపడని డాన్ బ్రిగ్స్ బేస్ వాద్యం ఇక్కడ ముందుకు వస్తుంది. ఆ నాదాన్ని ఒకసారి మనసుకు పట్టించుకుంటే పద్నాలుగు నిమిషాల చివరి భాగం «వైట్ వాల్స్»లో అదే వాద్యం కింద ఎక్కడ నడుస్తోందో వెతుక్కోవచ్చు.

గొంతు సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే తెలుగు శ్రోతలు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే. మృదువుగా పాడేదీ, గర్జించేదీ, కీబోర్డ్ వాయించేదీ ఒక్కరే, టామీ రోజర్స్. గర్జన అంటే గొంతు చించుకుని అరవడం కాదు. సాధన చేసిన గాయకులు మామూలు స్వరతంత్రుల పైన ఉండే మడతలను కూడా కంపింపజేసి, ఊపిరిని అదుపులో ఉంచుకుని ఆ ధ్వనిని పుట్టిస్తారు. మొదటి వినికిడిలో దాన్ని సాహిత్యంగా కాక లయవాద్యంగా వినండి. ఏ అక్షరం మీద బరువు పడుతోంది, డ్రమ్స్‌తో ఎక్కడ కలుస్తోంది, ఎక్కడ తప్పుకుంటోంది అని చూడండి. పాటల సాహిత్యాన్ని ముందే చదువుకుంటూ వినమని కొందరు సలహా ఇస్తారు గాని నేను ఇవ్వను, కళ్లు కాగితం మీద ఉంటే చెవి మలుపులను వదిలేస్తుంది.

కర్ణాటక సంగీతం నేర్చినవారికి ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది, ఒక చిక్కు కూడా ఉంది. ఏడు మాత్రల నడక పాశ్చాత్య పాప్ సంగీతం మాత్రమే విన్నవారికి కుంటుతున్నట్టు అనిపించవచ్చు గాని, మిశ్రచాపులో «తకిట తకధిమి» అని వేళ్ల మీద లెక్కపెట్టినవారికి, లేదా వృషభగతి రగడను బిగ్గరగా చదివినవారికి అది పరిచితమే. ఐదు మాత్రలు వస్తే «తక తకిట» అనుకుంటే సరిపోతుంది. చిక్కు ఏమిటంటే, కర్ణాటక కృతిలో తాళం మొదటి నుంచి చివరిదాకా మారదు. మృదంగం ఎన్ని నడకలు తిరిగినా ఆవర్తనం సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకు, చేరి తీరుతుంది, శ్రోత చేయి ఆ నమ్మకంతోనే తాళం వేస్తుంది. ఈ ఆల్బమ్‌లో రిఫ్ మారినప్పుడల్లా తాళమే మారిపోవచ్చు, పాత తాళంతో వేసిన చేయి గాలిలో నిలిచిపోతుంది. నేను తాళం వేస్తూ వినబోయి రెండుసార్లు ఇలాగే భంగపడ్డాను. చివరికి తేలిన పద్ధతి ఇది: మాత్రలను లెక్కపెట్టవద్దు, రిఫ్ తిరిగి మొదలయ్యే చోటును మాత్రమే చిటికెతో గుర్తించండి. నాలుగు చిటికెలు పడేలోపు దాని పొడవు శరీరానికి తెలిసిపోతుంది, తరువాత కావాలంటే అంకెలు వేసుకోవచ్చు. డ్రమ్స్ అతివేగంగా ఒకే ధాటిన కురుస్తున్నప్పుడు, అంటే బ్లాస్ట్ బీట్ నడుస్తున్నప్పుడు, లెక్కను పూర్తిగా వదిలేసి దాన్ని వానచప్పుడులా విని, పైన గిటార్ స్వరాలు ఎంత నెమ్మదిగా మారుతున్నాయో గమనించండి. వేగమంతా కిందే ఉండి, పైనున్న స్వరాలు నిదానంగా నడవడం చాలాచోట్ల వినిపిస్తుంది.

«వైట్ వాల్స్» చివర, సుదీర్ఘమైన గిటార్ ఘట్టం ముగిశాక, మళ్లీ పియానో వినిపిస్తుంది. అప్పటికి మొదట విన్న పియానో మనసులో మిగిలి ఉంటే మొదటి వినికిడి ఫలించినట్టే, అంతకుమించి ఆశించవద్దు. రెండవసారి వినడానికి కనీసం రెండు మూడు రోజులు ఆగండి. ఆ మధ్యకాలంలో ఏదో ఒక రిఫ్ బస్సులోనో వంటగదిలోనో దానంతట అదే గుర్తుకు వస్తుంది, రెండవసారి ఆ రిఫ్ ఏ భాగంలో ఉందో వెతుకుతూ వినండి. మూడవసారి సాహిత్యం చేతిలో పెట్టుకోవచ్చు. ఆ తరువాత 2008లో వెలువడిన కలర్స్ లైవ్ చూడండి. ఆల్బమ్ మొత్తాన్ని వేదిక మీద వరుసగా వాయించిన ఆ చిత్రీకరణలో ఎవరి చేయి ఎప్పుడు కదులుతోందో కళ్లకు కనిపిస్తుంది కాబట్టి, చెవికి ముద్దగా తోచిన చోట్లు అనేకం విడివడతాయి.

ఒకవేళ మొదటి ప్రయత్నంలోనే నాలుగవ భాగం దగ్గర విసుగు పుడితే మొండిగా కూర్చోకుండా ఆపివేయండి. కొన్ని వారాల తరువాత «విరిడియన్» నుంచి మొదలుపెట్టి చివరి రెండు భాగాలు మాత్రమే, పదిహేడు నిమిషాలు, వినండి. అవి నచ్చితే అప్పుడు మొదటి పియానో దగ్గరకు వెళ్లవచ్చు.