లైసెన్సుపై రెండో తుపాకీ: కొత్తవారు ఏది ఎంచుకోవాలి, ఎలా పరీక్షించి తీసుకోవాలి

మొదటి రివాల్వర్ చేతికి వచ్చి, దాన్ని విప్పడం, తుడవడం, భద్రపరచడం అలవాటైన తరువాత, మరొకటి ఏది తీసుకుంటే బాగుంటుందన్న ఆలోచన లైసెన్సుదారులలో చాలామందికి వస్తుంది. అయితే మన దేశంలో ఈ సేకరణకు చట్టమే హద్దు గీసింది. 1959 నాటి ఆయుధాల చట్టాన్ని 2019లో సవరించినప్పుడు, ఒక వ్యక్తి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. లైసెన్సు గడువు మాత్రం మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. గుర్తింపు పొందిన క్రీడాకారులకు మినహాయింపులు ఉన్నాయి గానీ, ఆత్మరక్షణ కోసం లైసెన్సు పొందిన సామాన్యుడికి అవి వర్తించవు. కాబట్టి రెండో తుపాకీ అంటే ఆఖరి తుపాకీ అనే లెక్కతోనే ఎంపిక మొదలుపెట్టాలి.

ఈ రెండింటి లెక్కలో రివాల్వర్, పిస్టల్ లాంటి చేతి తుపాకీలు మాత్రమే కాదు, పొడవు తుపాకులు కూడా వస్తాయి. కర్నూలు, అనంతపురం, కడప పల్లెలలో పంటను అడవి పందుల నుంచి కాపాడుకోవడానికి తాతల కాలంలో తీసుకున్న 12 బోరు (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత) జంట గొట్టాల తుపాకీ ఇంకా చాలా ఇళ్లలో ఉంది. అది వారసత్వంగా మీ పేరు మీదికి మారి ఉంటే, దానికి తోడు ఒక రివాల్వర్ కూడా ఉంటే, మీకు ఇక ఖాళీ లేనట్లే. ఆ పాత తుపాకీని ఇంట్లో అర్హత ఉన్న మరొకరి పేరున లైసెన్సుకు మార్పించుకోవడమో, లైసెన్సు ఉన్న డీలరుకు అమ్మడమో జరిగిన తరువాతే కొత్తదాని మాట ఎత్తాలి. డీలరుకు కాకుండా మరో లైసెన్సుదారుడికి నేరుగా అమ్మదలిస్తే, కనీసం 45 రోజుల ముందు కలెక్టరుకు గానీ పోలీసు స్టేషనుకు గానీ రాతపూర్వకంగా తెలపాలని చట్టంలోని 5వ సెక్షన్ చెబుతోంది.

రెండో ఆయుధానికి అనుమతి కోరేటప్పుడు దరఖాస్తు ఏ కలెక్టరేటుకు వెళ్లాలో కూడా ముందే తేల్చుకోవాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి, కడప నుంచి అన్నమయ్య జిల్లాకు చాలా మండలాలు వెళ్లాయి. మీ పాత దస్త్రం ఎక్కడ ఉందో, లైసెన్సు మీది విశిష్ట గుర్తింపు సంఖ్య సరిగా నమోదై ఉందో చూసుకోకపోతే, తుపాకీ ఎంచుకున్న తరువాత కాగితాల కోసం రెండు ఊళ్ల మధ్య తిరగవలసి వస్తుంది. లైసెన్సు ఎంతవరకు చెల్లుతుందన్నది మరొక సంగతి. రాష్ట్రం వరకే చెల్లే లైసెన్సుతో గుంతకల్లు నుంచి బళ్లారికి గానీ, కర్నూలులో తుంగభద్ర వంతెన దాటి తెలంగాణ వైపు గానీ ఆయుధాన్ని తీసుకువెళ్లకూడదు. తరచూ సరిహద్దు దాటే వ్యాపారులు ముందు ఈ పరిధిని పెంచుకోవాలి. నా దృష్టిలో అది రెండో తుపాకీ కన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఇక ఎంపిక. సామాన్య పౌరుడికి నిషేధం లేని బోరులే దొరుకుతాయి. సినిమాలలో, పోలీసుల నడుముల మీద కనబడే 9 మి.మీ. పిస్టల్ నిషేధిత బోరు కిందికి వస్తుంది. దానికి కలెక్టరు అనుమతి ఇవ్వలేరు. కొత్తవారి ముందు నిజంగా ఉండేవి .32 రివాల్వర్, .32 పిస్టల్, .22 చేతి తుపాకీ. ఇందులో చాలామంది మొదటే తడబడే చోటు ఒకటి ఉంది. రివాల్వర్ మీదా, పిస్టల్ మీదా .32 అనే ఉంటుంది గానీ వాటి తూటాలు ఒకటి కావు. రివాల్వరుకు వాడేది పొడవైన, అడుగున అంచు బాగా బయటికి వచ్చిన తూటా. పిస్టలుకు వాడేది పొట్టిది, దాని అంచు చాలా స్వల్పం. ఒకదానిది మరొకదానిలో వాడకూడదు. లైసెన్సులో ఏడాదికి ఇన్ని తూటాలు అని రాసి ఉంటుంది కాబట్టి, రెండు రకాల తూటాలు కొనవలసి వస్తే ఆ కోటాను రెండుగా పంచుకోవాలి. ఇప్పటికే .32 రివాల్వర్ ఉన్నవారు ఈ ఒక్క విషయాన్ని ఆలోచించకుండా పిస్టల్ కొంటే, రెండింటికీ సాధన చాలకుండా పోతుంది.

రివాల్వర్లలో ప్రభుత్వ కర్మాగారాల తయారీనే ఎక్కువగా కనబడుతుంది. ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డు 2021 అక్టోబరు 1న రద్దయి, ఆయుధాలు చేసే కర్మాగారాలు కాన్పూరు కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ కిందికి వచ్చాయి. పాత తరహా .32 రివాల్వర్ ఆంగ్లేయుల వెబ్లీ పద్ధతిలో చేసినది. పైనున్న గొళ్లెం నొక్కితే గొట్టం ముందుకు వంగి, తూటాలు పెట్టే ఆరు గదులూ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. 2014లో వచ్చిన నిర్భీక్ కూడా అదే తరహాలో పైనుంచి తెరుచుకునేదే గానీ టైటానియం మిశ్రమంతో చేసినందున సుమారు 500 గ్రాములే ఉంటుంది. 2023 ఆగస్టులో విడుదలైన ప్రబల్‌లో సిలిండర్, అంటే ఆ గదులున్న తిరిగే భాగం, పక్కకు తెరుచుకుంటుంది. తూటాలు లేకుండా 700 గ్రాముల బరువు, 76 మి.మీ. గొట్టం, 50 మీటర్ల వరకు పరిధి అని తయారీదారు ప్రకటించాడు. ఆత్మరక్షణకు ఆ 50 మీటర్ల అంకెతో పనిలేదు, పొట్టి గొట్టంతో కొత్తవాడు పదడుగుల దూరంలో గురి నిలిపితే అదే గొప్ప.

బరువు తక్కువైతే మంచిదని దుకాణంలో అనిపిస్తుంది. జేబుకు, నడుముకు తేలికే, కానీ కాల్చినప్పుడు వచ్చే తన్ను తేలికపాటి తుపాకీలో ఎక్కువగా తెలుస్తుంది, రెండో గుండుకు గురి కుదరడానికి ఆలస్యమవుతుంది. .32 తూటా తన్ను మరీ పెద్దది కాదన్న మాట నిజమే. అయినా మొదటిది తేలికపాటిదైతే రెండోది కొంచెం బరువైనదిగా, పక్కకు తెరుచుకునే రకంగా తీసుకోవడం మేలని నా అభిప్రాయం. తూటా ఒకటే కావడం వల్ల కోటా చీలదు, చేతికి కొత్త తరహా పరిచయమవుతుంది.

పిస్టలే కావాలనుకునేవారికి కోల్‌కతాలోని కాశీపూర్ గన్ అండ్ షెల్ ఫ్యాక్టరీ చేసే అశని .32 పిస్టల్ దేశీయ ఎంపికలలో ఒకటి. పలచగా ఉండి దుస్తుల కింద దాగుతుంది. అయితే ఇలాంటి పిస్టళ్లలో స్లైడును (ముందుకూ వెనక్కీ జారే పైభాగాన్ని) వెనక్కి లాగడానికి స్ప్రింగు బలానికి ఎదురు నిలిచే పట్టు కావాలి. వయసు మళ్లినవారు, వేళ్ల కీళ్లు నొప్పి పెట్టేవారు దుకాణంలో ఖాళీ పిస్టలును పదిసార్లు లాగి చూడకుండా తీసుకోకూడదు. తూటా అంచు కొద్దిగా బయటికి ఉంటుంది కాబట్టి, మ్యాగజైన్ (పిడిలో దూర్చే తూటాల పెట్టె) నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు వైపున ఉండేలా పేర్చాలి. తలకిందులైతే రెండూ ఒకదానికొకటి చిక్కుకుని పిస్టల్ ఆగిపోతుంది. రివాల్వరులో తూటా పేలకపోతే మరోసారి ట్రిగ్గర్ నొక్కితే తరువాతి గది వస్తుంది. పిస్టలులో ఆ చిక్కును చేత్తో తీయాలి. అందుకే సాధనకు సమయం లేనివారికి పిస్టలును నేను సూచించను.

.22 సంగతి వేరు. ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసిన నిడర్ అనే చిన్న రివాల్వర్ సుమారు 250 గ్రాములే; ముద్దుగా ఉంటుంది, అందుకే కొత్తవారి చూపు దాని మీద పడుతుంది. అంత చిన్న పిడిని, అంత పొట్టి గొట్టాన్ని పట్టి గురి నేర్చుకోవడం కష్టం. తూటా చవక కదా, సాధనకు పనికొస్తుంది కదా అని తీసుకుంటే ఆశించినది దొరకదు.

నిజానికి గురి నేర్చుకోవడమే ఉద్దేశమైతే, ఉన్న ఒక్క ఖాళీని అలాగే ఉంచి 4.5 మి.మీ. బోరు గాలి పిస్టల్ కొనడం తెలివైన పని. 2016 ఆయుధాల నియమావళి ప్రకారం ఆ బోరులో, 20 జౌళ్ల శక్తికి మించని గాలి తుపాకీకి లైసెన్సు అక్కరలేదు. గుర్తింపు పత్రం చూపితే చాలు. ఒలింపిక్ క్రీడలో 10 మీటర్ల పోటీకి వాడేది కూడా 4.5 మి.మీ. బోరే, అక్కడి నియమం ప్రకారం పిస్టల్ బరువు 1500 గ్రాములకు మించకూడదు, ట్రిగ్గర్ నొక్కడానికి పట్టే బరువు 500 గ్రాములకు తగ్గకూడదు. పోటీకి వెళ్లకపోయినా, బరువైన గాలి పిస్టలుతో మణికట్టు కదలకుండా ట్రిగ్గర్ నొక్కడం అలవాటైతే .32 రివాల్వర్ గురి దానంతట అదే మెరుగవుతుంది. గాలి పిస్టలైనా కంటికి దెబ్బ తగిలితే చూపు పోతుంది; గోడకు గట్టి అడ్డు పెట్టి, పిల్లలు రాని చోటే సాధన చేయాలి. అసలు తుపాకీతో మాత్రం గుర్తింపు ఉన్న రేంజిలో తప్ప, తోటలోనో గుట్ట పక్కనో కాల్చి చూడకూడదు. పెళ్లిళ్లలో సరదా కాల్పులకు 2019 సవరణ రెండేళ్ల వరకు జైలు గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించింది.

పాతది కొనేవారు పరీక్ష గట్టిగా చేయాలి. చేతికి ఇచ్చే ముందు డీలరే దాన్ని తెరిచి ఖాళీ అని చూపాలి, మీరు మళ్లీ చూడాలి. పిస్టలైతే మొదట మ్యాగజైన్ తీసి, ఆ తరువాతే స్లైడు లాగి గదిలో చూడాలి, ఈ వరుస తారుమారైతే గదిలో తూటా మిగిలిపోతుంది. రివాల్వర్‌లో హ్యామర్ (వెనక ఉండే సుత్తి లాంటి భాగం) పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడు సిలిండర్ పక్కలకు ఊగకూడదు. ఆరు గదులనూ విడివిడిగా తిప్పి చూడాలి, ఎందుకంటే అరుగుదల ఒక్క గదికే పరిమితమై ఉండవచ్చు. పైనుంచి తెరుచుకునే రకంలో గొళ్లెం, కీలు వదులయ్యాయేమో గొట్టాన్ని మెల్లగా కదిపి చూస్తే తెలుస్తుంది. గొట్టం లోపల వెలుతురు పెట్టి చూస్తే మెలి తిరిగిన గాడులు పదునుగా కనబడాలి, నల్లటి గుంటలు ఉండకూడదు. విదేశీ వెబ్లీ, వాల్తర్ లాంటి పాత పేర్లకు మన దగ్గర పలికే ధర వాటి పనితనానికి కాదు, కొత్తవి దిగుమతి కాకపోవడానికి. విడిభాగాలు దొరకని తుపాకీని కొత్తవారు పేరు చూసి కొనకపోవడమే మంచిది. ట్రిగ్గర్ తేలిక చేయిస్తామనే ఊరి పనివారి దగ్గరికి వెళ్లకూడదు. లైసెన్సు లేనివారు తుపాకీ మరమ్మతు చేయడం నేరం. నంబరు లేని నాటు తుపాకీ గురించి చెప్పవలసిందేమీ లేదు, దాన్ని ముట్టకూడదు.

మన వాతావరణం కూడా ఎంపికలో లెక్కకు రావాలి. వేసవిలో నడుముకు కట్టుకుంటే చెమట నేరుగా ఉక్కుకు తగులుతుంది. నల్లపూత ఉన్న ఉక్కు ఇలా త్వరగా తుప్పు పడుతుంది. బేతంచెర్ల, తాడిపత్రిలలో బండలు కోసి పాలిష్ పట్టే యూనిట్లు నడిపేవారికి రాతి పొడి బాధ అదనం. నూనె ఎక్కువ పూస్తే ఆ పొడి దానికే పట్టుకుంటుంది. పలచగా పూసి తుడవాలి. తోలు తొడుగులో నెలల తరబడి ఉంచకూడదు, తోలు తేమను పీల్చి లోహానికి అంటిస్తుంది. తూటాలకు నూనె తగలనీయకూడదు. ఇంట్లో తాళం ఉన్న ఉక్కు బీరువాలో తుపాకీని, తూటాలను వేర్వేరుగా పెట్టాలి. బయటికి తీసుకువెళ్లేటప్పుడు తొడుగులో, పూర్తిగా కప్పి ఉండాలి.

కొన్న రోజున బిల్లు మీది నంబరు, గొట్టం మీద చెక్కిన నంబరు, లైసెన్సులో రాసిన నంబరు మూడూ ఒకటేనా అని అక్కడే పోల్చి, తరువాత ఆయుధాన్ని నిర్ణీత గడువులోగా అధికారులకు చూపించి నమోదు చేయించుకోవాలి. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు అధికారుల ఆదేశం మేరకు రెండు తుపాకీలనూ పోలీసు స్టేషనులో గానీ డీలరు దగ్గర గానీ అప్పగించవలసి ఉంటుంది. 2024లో కోడ్ మార్చి 16న మొదలై ఫలితాలు జూన్ 4న వచ్చాయి, అంటే రెండున్నర నెలలకు పైగా ఆయుధం మన చేతిలో ఉండదు. అప్పగించే ముందు తుడిచి, గొట్టంలో పలచగా నూనె పూసి, రెండింటికీ వేర్వేరుగా నంబరు రాసిన రసీదులు తీసుకుని, తిరిగి తెచ్చుకున్న రోజే లోపల తుప్పు పట్టిందేమో చూసుకోవాలి.