బడిలో ఏఐ: పగ్గాలు తెలుగు మేడం చేతికివ్వండి

గుంటూరు, విజయవాడ హైస్కూళ్లలో ఏఐ మాట ఎత్తగానే స్టాఫ్ రూమంతా కంప్యూటర్ సార్ వైపు చూస్తుంది. ఆ బాధ్యత తెలుగు, సోషల్, లెక్కల మేడమ్‌లు ముగ్గురు కలిసి తీసుకుంటే మేలు. చాట్‌బాట్ తప్పులు పాఠం తెలిసినవాళ్లకే దొరుకుతాయి మరి.

మొదట దాన్ని పిల్లల ముందే పరీక్షించండి. ఒక ఉత్పలమాల రాయమనండి. పాదానికి 20 అక్షరాలు, గణాలు భ ర న భ భ ర వ, యతి పదో అక్షరం. బోర్డు మీద గురులఘువులు వేయించండి. చాలాసార్లు మొదటి పాదంలోనే గణం తప్పుతుంది, ప్రాస గల్లంతవుతుంది. అయినా కింద ‘ఇది ఉత్పలమాల’ అని ధీమాగా రాసి ఉంటుంది! అది మనలా అక్షరాలు లెక్కపెట్టదు. మాటల్ని టోకెన్లనే ముక్కలుగా చేసుకుని, తర్వాత ఏ ముక్క రావచ్చో అంచనా కడుతుంది. ఒకవేళ పద్యం సరిగ్గా కుదిరితే ఇంకో నాలుగు రాయించండి.

సోషల్ క్లాసులో ప్రకాశం బ్యారేజీ గురించి అడగండి. 1855 నాటి ఆనకట్ట, 1952లో అది తెగడం, 1957లో పూర్తయిన బ్యారేజీ: ఈ మూడింటినీ కలగాపులగం చేసిందేమో పిల్లలే పుస్తకంతో సరిచూడాలి. లెక్కల్లో మిర్చి యార్డు మీద ప్రశ్న చేయిస్తే టిక్కీ (మిర్చి బస్తా) బరువు కిలోల్లో, ధర క్వింటాలుకు ఇచ్చి, జవాబు మీరు ముందే కట్టి ఉంచుకోండి.

పిల్లల పేరు, ఫోటో, ఆధార్, కులం, మార్కుల జాబితా ఏ చాట్‌బాట్‌లోనూ పెట్టకూడదు. ప్రోగ్రెస్ కార్డు వ్యాఖ్యలు రాయించుకునే తొందరలో జారేది ఇక్కడే. పేరు తీసేసి ‘విద్యార్థి 1’ అని రాయండి. చాట్‌జీపీటీ నిబంధనల ప్రకారం 13 ఏళ్లు నిండనివాళ్లు వాడకూడదు, 18 లోపువాళ్లకు తల్లిదండ్రుల అనుమతి కావాలి. కాబట్టి ఆరు, ఏడు తరగతులకు మేడం లాగిన్‌తో క్లాసులోని పెద్ద తెర (ప్యానెల్) మీద చూపించడం వరకే.

ప్రాజెక్టు ఏఐతో రాశారా అని పట్టే డిటెక్టర్లను నమ్మి పిల్లల్ని నిలదీయకండి. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ తన సొంత డిటెక్టర్‌నే కచ్చితత్వం చాలక 2023 జులైలో తీసేసింది. రెండు నిమిషాలు నోటితో చెప్పించండి, తేలిపోతుంది. ఏఐ వాడితే ఏం అడిగారో, ఏం దిద్దారో చివరి పేజీలో రాయాలన్న నియమం పెట్టండి.

అన్నిటికన్నా బరువైనది నకిలీ ఫోటోల సంగతి. తన ముఖం అతికించిన అసభ్య చిత్రం తిరుగుతోందని ఆడపిల్ల ముందు చెప్పుకునేది మేడంతోనే. ఆ చిత్రాన్ని ‘సాక్ష్యం’ పేరుతో స్టాఫ్ గ్రూపులో పెట్టకండి, అలా పంపడమే నేరం. లింకు, అకౌంటు పేరు, తేదీ, సమయం కాగితం మీద రాసుకోండి. హెచ్‌ఎం గదిలో రాజీ కుదర్చడం కుదరదు: పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టండి. ఇలాంటి చిత్రాలను ఆన్‌లైన్‌లోంచి తీయించడానికి సాయపడే ‘టేక్ ఇట్ డౌన్’ సేవలో ఫోటో ఫోన్ దాటకుండానే దాని డిజిటల్ గుర్తు మాత్రం నమోదవుతుంది. అది ఉచితం, పేరు చెప్పక్కర్లేదు. ఇదంతా అయ్యేదాకా ఆ అమ్మాయిని ఒంటరిగా ఇంటికి పంపకండి.