ఫుట్‌రెస్ట్ పెట్టుకున్నా కాళ్లు లాగుతూనే ఉన్నాయా?

ఫుట్‌రెస్ట్ కొనగానే డెస్క్ కిందకి తోసేసి, దానికి తగ్గట్టు మనం సర్దుకుని కూర్చుంటాం. తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి. ముందు కుర్చీ సరిచేసుకోవాలి, ఫుట్‌రెస్ట్ సంగతి ఆ తర్వాత.

తొడల కింద ఒత్తిడి, పాదాలు తిమ్మిరెక్కడం

మామూలు డెస్కులు 72 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తుంటాయి. కాస్త పొట్టిగా ఉన్నవాళ్లు టైపింగ్ కోసం కుర్చీ పైకి లేపక తప్పదు. లేపితే కాళ్లు సగం గాల్లో వేలాడతాయి, సీటు అంచు తొడ వెనక భాగాన్ని నొక్కుతుంది. తిమ్మిరి అందుకే.

భుజాలు వదులుగా వదిలేసి, మోచేతులు కీబోర్డు ఎత్తుకి వచ్చేదాకా కుర్చీ లేపండి. ఇక దాన్ని కదపొద్దు. ఇప్పుడు పాదాల కింద పాత పుస్తకాలు ఒక్కొక్కటే పేర్చండి. అరికాళ్లు పూర్తిగా ఆని, సీటు అంచుకీ తొడకీ మధ్య అరచెయ్యి సులువుగా దూరిందంటే చాలు. ఆ దొంతర ఎత్తును స్కేలుతో కొలవండి, మీకు కావాల్సిన ఫుట్‌రెస్ట్ ఎత్తు అదే. నేను ఈ కొలత చూసుకోకుండానే కొన్నాను. నా దొంతర 8 సెంటీమీటర్లు, కొన్నదేమో ఎంత దించినా 11! పెట్టెలోంచి తీసిన రోజే తెలిసింది.

ఇంకోటి, చెప్పులు విప్పి కొలిచి బూట్లతో కూర్చుంటే లెక్క తప్పుతుంది. బూటు అడుగు మందమే రెండు మూడు సెంటీమీటర్లు ఉండొచ్చు.

మోకాళ్లు పైకి లేచి నడుము నొప్పి

ఫుట్‌రెస్ట్ ఎత్తు ఎక్కువైంది. మోకాళ్లు తుంటి కన్నా పైకి లేస్తే కటి (తుంటి ఎముకల భాగం) వెనక్కి ఒరిగి, నడుము దగ్గర ఉండాల్సిన వంపు పోతుంది. తొడలు నేలకు సమానంగా గానీ, మోకాళ్ల వైపు కొంచెం కిందకి గానీ ఉండేలా దించండి. పూర్తిగా దించినా మోకాళ్లు పైనే ఉంటే ఆ ఫుట్‌రెస్ట్ మీకు పనికిరాదు. అది తీసేస్తే పాదాలు నేలకి పూర్తిగా ఆనుతున్నాయంటే మీకు అసలు ఫుట్‌రెస్ట్ అక్కర్లేదు, ఆనకపోతే ఇంకా తక్కువ ఎత్తుది కావాలి.

పిక్కలు, చీలమండలు పట్టేయడం

వాలు ఎక్కువైనట్టు. వేళ్లు పైకి లేచి, పిక్క కండరం గంటల తరబడి సాగి ఉంటుంది. వాలు 10, 15 డిగ్రీలు దాటనివ్వకండి. బల్లపరుపుగా ఉన్నా నష్టం లేదు.

ఫుట్‌రెస్ట్ ముందుకి జారిపోవడం

అడుగున ఉన్న రబ్బరుకి దుమ్ము పట్టిందేమో తడిగుడ్డతో తుడిచి చూడండి. అయినా జారుతుంటే తప్పు నేలది కాదు, మనదే. ఫుట్‌రెస్ట్ దూరంగా ఉంటే కాళ్లు చాచి తెలియకుండానే దాన్ని నెడుతుంటాం. అటు అది ముందుకి, ఇటు చక్రాల కుర్చీ వెనక్కి! గంట గడిచేసరికి వీపు కుర్చీ వెనక భాగాన్ని వదిలేసి, తుంటి సీటు అంచుకి చేరుతుంది. వెనక్కి ఆనుకుని కూర్చుని, మోకాలి కింద కాలు దాదాపు నిటారుగా ఉండేంత దగ్గరికి ఫుట్‌రెస్ట్ లాక్కోండి. జారుడు చాలావరకు ఆగిపోతుంది.

రెండో మానిటర్ వైపు తిరిగినప్పుడల్లా ఒక కాలు కిందపడుతుంటే మాత్రం సర్దుబాట్లతో లాభం లేదు, వెడల్పు ఎక్కువున్నది తీసుకోవాలి.

అన్నీ సరిగ్గా ఉన్నా సాయంత్రానికి పాదాల వాపు

కాళ్లలోంచి రక్తాన్ని పైకి తోసేది పిక్క కండరాల కదలిక. కదలకుండా కూర్చుంటే ఎంత మంచి ఫుట్‌రెస్ట్ అయినా ఆ పని చేయలేదు. ఊగే రకం వాడితే చీలమండలు కొంత కదులుతాయి, కానీ అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయడానికి అది సాటిరాదు. ఒక్క కాలే వాచి, నొప్పి, వేడి, ఎరుపు కనిపిస్తే మాత్రం ఫుట్‌రెస్ట్‌తో కుస్తీ పట్టకండి. అది రక్తం గడ్డకట్టడం వల్ల కావచ్చు, అదే రోజు డాక్టరుకి చూపించండి.