కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లు ముందు మీ పేరు చూసుకోండప్పా
మా తమ్ముడికి శ్రీసిటీలో మొదటి ఉద్యోగం వచ్చినాది, తిరుపతిలో పొద్దున్నే బస్సెక్కి పోతే తీరా జాయినింగ్ రోజు పేర్లు కలవలేదని పీఎఫ్ కాగితాలు పక్కన పెట్టేసినారు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండాది, ఆధార్‌లో ఒట్టి ఇనిషియల్, పాన్‌లో అయితే శేఖర్‌కి హెచ్ అక్షరమే లేదు. మన పక్క ఇది మామూలే కదా, ఎవరూ పట్టించుకోరు.

అందుకే చెల్లెలికి ఆఫర్ లెటర్ రాంగానే ఒక పని చేసినా. టెన్త్ మెమో, డిగ్రీ సర్టిఫికెట్, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ ఐదూ మంచం మీద పరిచి, పేరు, పుట్టిన తేదీ, నాన్న పేరు ఈ మూడూ ఒక్కో అక్షరం వేలు పెట్టి చూసినాం. టెన్త్ మెమోలో ఎట్లుంటే అట్లే ముందు ఆధార్, అది మారినాక పాన్, ఆఖర్న బ్యాంకు. ఈ వరసే పట్టుకోండి, ఎందుకంటే పీఎఫ్ వాళ్లిచ్చే 12 అంకెల నంబరు, అంటే యూఏఎన్‌లో పేరు ఆధార్ నుంచే వస్తాది, అక్కడ తప్పుంటే రేపు డబ్బు తీసుకునేటప్పుడు తిప్పలు. జాయినింగ్‌కి నెల ముందే మొదలుపెట్టండి, చివరి వారంలో పరిగెత్తితే కాదు.

ఒకటి మాత్రం, టెన్త్ మెమోలోనే తప్పుంటే ఈ పద్ధతి పనికిరాదు, ముందు చదివిన స్కూలుకి పోయి దాన్నే సరిచేయించుకోవాల. తొందరపడి ఆధార్ మార్చొద్దు, అందులో పేరు రెండు సార్లే మారుస్తారు, పుట్టిన తేదీ అయితే ఒక్కసారే.