గోళీతో రోలర్ కోస్టర్: లూప్ తిరగడానికి ఎంత ఎత్తు కావాలి?

సాధారణ రోలర్ కోస్టర్ బండికి ఇంజను ఉండదు. గొలుసు దాన్ని మొదటి గుట్టపైకి లాగి వదిలాక, ఆ ఎత్తు ఇచ్చిన స్థితిశక్తితోనే అది చివరిదాకా పరుగెత్తాలి. స్థితిశక్తి ఎక్కిన దారిని బట్టి మారదు. విశాఖపట్నంలోని కైలాసగిరి కొండపైకి మెట్ల మీదుగా వెళ్లినా, రోప్‌వేలో వెళ్లినా పైన మనకు చేరే స్థితిశక్తి ఒక్కటే. పిల్లలు ఈ సూత్రాన్ని కంఠస్థం చేయడం కంటే ఇంట్లో స్వయంగా కొలిచి తెలుసుకోవడం ఎంతో మేలు.

ఏసీ రాగి గొట్టాలకు తొడిగే ఆరడుగుల నల్లటి ఫోమ్ గొట్టం, అందులో వదులుగా పట్టే గాజు గోళీ, కొలత టేపు సిద్ధం చేసుకోవాలి. విశాఖపట్నంలో ఏసీ మరమ్మతు సామగ్రి అమ్మే దుకాణాల్లో ఈ గొట్టం కోసం అడగవచ్చు. దాన్ని పొడవునా రెండు సగాలుగా చీల్చే పని పెద్దలే చేయాలి. ఆ రెండు కాలువలను చివరికి చివర కలిపి, అతుకు మీద టేపును బయటి వైపు నుంచే వేయాలి. లోపల చిన్న మడత ఉన్నా గోళీ ఎగిరిపడుతుంది. సముద్రపు తేమగాలికి సన్నని టేపు ఊడిపోయే అవకాశం ఉంది కనుక వెడల్పాటి గుడ్డ టేపు వాడటం మంచిది.

ఒక కొసను గోడకు మీటరు ఎత్తున అంటించి, కిందికి దిగిన కాలువను నిలువు వృత్తంగా చుట్టి, లూప్ అడుగును నేలకు, పక్కలను రెండు కుర్చీలకు గట్టిగా బిగించాలి. లూప్ కదిలితే గోళీ శక్తిలో కొంత ఆ కదలికకే పోయి లెక్క తప్పుతుంది.

ఇక అసలు విషయం. గోళీ కేంద్రం తిరిగే వృత్తపు వ్యాసార్థం 15 సెంటీమీటర్లు అనుకుందాం. శిఖరంలో గోళీ కాలువను వదలకుండా ఉండాలంటే అక్కడ దాని వేగపు వర్గం కనీసం గురుత్వ త్వరణాన్ని వ్యాసార్థంతో గుణించినంత ఉండాలి. జారే వస్తువుకు ఘర్షణ లేకపోతే, లూప్ అడుగు నుంచి వ్యాసార్థానికి 2.5 రెట్ల ఎత్తు సరిపోతుంది. గోళీ దొర్లుతుంది కనుక, కొంత శక్తి దాని భ్రమణానికి పోయి, 2.7 రెట్లు, అంటే 40.5 సెంటీమీటర్లు కావాలి. ఈ లెక్కలో ద్రవ్యరాశికి చోటే లేదు. గోళీని 70 సెంటీమీటర్ల నుంచి మొదలుపెట్టి, ప్రతిసారీ 2 సెంటీమీటర్లు తగ్గిస్తూ, లూప్‌ను పూర్తి చేసిన అతి తక్కువ ఎత్తును రాసుకోవాలి. అది 40.5 కంటే ఎంత ఎక్కువ ఉంటే అంత భాగం ప్రధానంగా ఘర్షణకు, ఫోమ్ నొక్కుకుపోవడానికి ఖర్చయినట్లు.

నిజమైన కోస్టర్లలో పూర్తి వృత్తం ప్రమాదకరం. ఘర్షణ లేదనుకుని 2.5 రెట్ల ఎత్తు నుంచి వస్తే, లూప్ అడుగున ప్రయాణికుడిపై అతని బరువుకు 6 రెట్ల బలం పడుతుంది. అందుకే జర్మన్ ఇంజనీరు వెర్నర్ స్టెంగెల్ రూపకల్పనతో 1976లో కాలిఫోర్నియాలో ప్రారంభమైన రివల్యూషన్ కోస్టర్ లూప్ కన్నీటి బొట్టు ఆకారంలో ఉంది: అడుగున వంపు విశాలం, పైన ఇరుకు.

మీ లూప్‌ను కూడా శిఖరం ఎత్తు మారకుండా అలా సవరించండి. శిఖరంలో వ్యాసార్థం 10 సెంటీమీటర్లకు తగ్గితే కావలసిన ఎత్తు, శిఖరం ఎత్తు 30కి కొత్త వ్యాసార్థంలో 0.7 వంతైన 7 కలిపి, 37 సెంటీమీటర్లే అవుతుంది. మళ్లీ కొలిచినప్పుడు, ఘర్షణ అంతే ఉంటే, గోళీ మునుపటికంటే సుమారు మూడున్నర సెంటీమీటర్లు కింది నుంచే లూప్‌ను దాటాలి.