పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లను ఇంట్లో చూసుకోవడం ఎలా? తిండి దగ్గరే అసలు జాగ్రత్త

తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రిలో గానీ రుయాలో గానీ డిశ్చార్జి మాట ఎత్తిన రోజే ఏర్పాట్లు మొదలుపెట్టండి. తలవైపు పైకి లేచే మంచం అద్దెకు తీసుకోండి. గాలి పరుపు, కమోడ్ కుర్చీ, బీపీ మిషన్ ఉంటే చాలు. మంచాన్ని గోడకు ఆనించొద్దు. 2 గంటలకోసారి పక్క మార్చి, నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో చూడండి. పడిపోయిన చెయ్యి పట్టి లేపొద్దు, భుజం జారుతుంది. జారాక పుత్తూరు కట్టుకు పరుగెత్తేవాళ్లూ ఉన్నారు. ఆ కట్టు విరిగిన ఎముకలకండీ!

ఇక తిండి. గుటక సరిగ్గా పడుతోందో లేదో పరీక్ష చేశారా అని ఇంటికి బయల్దేరే ముందే డాక్టరును అడగండి. ఏది పెట్టొచ్చో, ఎంత చిక్కగా ఉండాలో రాయించుకోండి. ముక్కులో ట్యూబు ఉంటే, డాక్టరు సరేననే దాకా నోట్లో ఏమీ పోయొద్దు, తీర్థమైనా సరే. చూడ్డానికొచ్చిన బంధువులు కొండ లడ్డు చిదిపి నోట్లో పెట్టబోతారు. ఆ పొడి, ఆ జీడిపప్పు పలుకులు చాలు కొంప ముంచడానికి. మొహమాటపడకుండా ఆపండి.

అన్నం కంటే నీళ్లతోనే ఎక్కువ భయం. పలచగా ఉంటాయి కాబట్టి గొంతు సర్దుకునేలోపే ఊపిరి గొట్టంలోకి జారిపోతాయి, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని మాడు మీద తట్టి, నీళ్లు తాగించడం మనకు అలవాటు. ఇక్కడ ఆ పని చేయొద్దు. తినిపించడం ఆపి, కాస్త ముందుకు వంచి దగ్గనివ్వండి. కొందరికి దగ్గు కూడా రాదు, మాట్లాడిస్తే గొంతు గురగురమంటుంది. అది వినిపించినా ఆపేయాల్సిందే.

సంగటి ముద్దను నమలకుండా మింగడం మన జిల్లా అలవాటు, కానీ ఇప్పుడది కుదరదు. సాంబారులో తేలే ఇడ్లీ ముక్కలూ వద్దు. ఉండలు లేకుండా చిక్కగా కాచిన రాగి జావను మించింది లేదు. డబ్బాల్లో అమ్మే ఖరీదైన పొడులు నాకు నచ్చవు. నీళ్లు చిక్కబరిచే పొడి మాత్రం డాక్టరు రాస్తే కొనాల్సిందే.

నిటారుగా కూర్చోబెట్టండి, గడ్డం కాస్త కిందికి ఉండాలి. మీరు నిలబడి పెడితే వాళ్లు తలెత్తుతారు, అప్పుడే పొలమారేది. ఎదురుగా కూర్చోండి, టీవీ కట్టేయండి. టీ చెంచాతో, బాగున్న బుగ్గవైపు పెట్టండి. గొంతుముడి పైకి లేచి దిగాకే రెండో చెంచా. మగతగా ఉంటే ఆ పూటకు వద్దు. తిన్నాక పడిపోయిన వైపు బుగ్గలో మెతుకులు దాగుతాయి, తడిగుడ్డతో తీసేయండి. 30 నిమిషాల దాకా పడుకోబెట్టొద్దు. మాత్రలు నూరొచ్చో లేదో ఒక్కోదానికీ విడిగా అడగాలి, కొన్నిటిని నూరకూడదు.

ఆయాను పెట్టుకున్నా తినిపించేది ఇంటి మనిషే, అదీ ఒక్కరే. రోజుకో చెయ్యి మారితే ఏది తేడా కొట్టిందో తెలియదు.

జ్వరమో ఆయాసమో వస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూతి మళ్లీ వంకరపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేసి, మొదట ఎన్నింటికి కనిపించిందో గడియారం చూసి రాసుకోండి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా 4.5 గంటలే గడువు, డాక్టరు ముందు అడిగేది ఆ టైమే.