నైట్రో కారు స్టార్ట్ కావట్లేదా? తాడు, రాడ్డు, బాక్స్: ఏది మార్చాలో లక్షణాన్ని బట్టి తేల్చుకోండి

నైట్రో కారు అంటే మిథనాల్, నైట్రోమీథేన్ కలిసిన ఇంధనంతో నడిచే రిమోట్ కంట్రోల్ మోడల్ కారు. దాని ఇంజన్ మొరాయించగానే చాలామంది కొత్త స్టార్టర్ కొనేస్తారు. చేత్తో లాగే తాడు (పుల్ స్టార్ట్) తెగిందని మోటారుతో తిరిగే రాడ్డు స్టార్టర్, అదీ తిప్పలేకపోయిందని, కారును పైన పెట్టి నొక్కితే రబ్బరు చక్రంతో ఇంజన్‌ను తిప్పే స్టార్టర్ బాక్స్. తీరా చూస్తే అసలు లోపం గ్లో ప్లగ్‌లోనో, సిలిండర్లో నిండిన ఇంధనంలోనో ఉంటుంది. స్టార్టర్ ఏదైనా చేసే పని ఒక్కటే, ఇంజన్ ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్‌ను తిప్పడం. మంట పుట్టించేది గ్లో ప్లగ్, ఇంధనం కలిపి పంపేది కార్బొరేటర్. అందుకే ఏ పద్ధతికి మారాలో తేల్చుకునే ముందు, తప్పు తిప్పడంలో ఉందా, మండడంలో ఉందా అన్నది విడదీయాలి.

దానికి రెండు నిమిషాల పరీక్ష చాలు. ఇగ్నైటర్ (గ్లో ప్లగ్‌ను వేడిచేసే చిన్న బ్యాటరీ పరికరం) తీసి పక్కన పెట్టండి. 8 మి.మీ. సాకెట్‌తో గ్లో ప్లగ్ విప్పండి. ఇప్పుడు ఫ్లైవీల్‌ను (క్రాంక్‌షాఫ్ట్‌కి బిగించిన బరువైన చక్రం) బొటనవేలితో, ఇంజన్ తిరిగే దిశలోనే తిప్పి చూడండి. ఫ్లైవీల్ వైపు నుంచి చూస్తే దాదాపు అన్ని కారు ఇంజన్లూ అపసవ్య దిశలో తిరుగుతాయి. ప్లగ్ లేకుండా తేలిగ్గా తిరుగుతూ, ప్లగ్ పెట్టగానే బిగుసుకుంటే లోపల ద్రవం ఉంది, లేదా కొత్త ఇంజన్ బిగువు ఉంది. కొత్తది కాని ఇంజన్ ప్లగ్ లేకపోయినా తిరగకపోతే బేరింగో, పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్డో దెబ్బతింది, స్టార్టర్ మార్చినా ఫలితం ఉండదు. రెండు రకాలుగానూ బాగానే తిరుగుతూ స్టార్టర్‌తో మాత్రం తిరగకపోతే, అప్పుడే అది స్టార్టర్ తప్పు.

తాడు లాగితే మధ్యలోనే ఆగిపోతోంది

కారణం పదిలో తొమ్మిదిసార్లు ఇంధనం నిండిపోవడమే. స్టార్ట్ చేసే ముందు ట్యాంక్ నుంచి కార్బొరేటర్ దాకా ఇంధనం రావాలని సైలెన్సర్ మూతిని వేలితో మూసి తాడు లాగుతాం కదా, అక్కడే పొరపాటు జరుగుతుంది. గొట్టంలో ఇంధనం కదులుతూ కార్బొరేటర్‌ను తాకగానే వేలు తీసేయాలి. రెండు మూడు లాగుళ్లు ఎక్కువైనా అది క్రాంక్‌కేస్‌లోకి, అక్కడి నుంచి పిస్టన్ పైకి చేరుతుంది. గాలిని పిస్టన్ నొక్కగలదు, ద్రవాన్ని నొక్కలేదు. ఆ స్థితిలో బలవంతంగా లాగితే తాడు తెగుతుంది. అదే శక్తిని స్టార్టర్ బాక్స్ ఇస్తే తాడు తెగే రక్షణ కూడా ఉండదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. తాడు ఆగిపోతోందని బాక్స్‌కి మారేవాళ్లు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

పరిష్కారానికి ముందు ఇంధన గొట్టాన్ని క్లిప్‌తో బిగించండి. ఇగ్నైటర్, ప్లగ్ రెండూ తీసేయండి. థ్రాటిల్ పూర్తిగా తెరవండి. హెడ్ మీద పాత గుడ్డ కప్పి, కారును తలకిందులు చేసి, తాడును ఐదారుసార్లు చిన్నగా లాగండి. మిథనాల్, ఆయిల్ చిమ్ముకుంటూ బయటికొస్తాయి కాబట్టి కళ్లద్దాలు తప్పనిసరి, ముఖం ఆ రంధ్రానికి ఎదురుగా ఉండకూడదు. గుడ్డ మీద తడి పడటం ఆగాక ప్లగ్ తుడిచి బిగించండి. మామూలు ప్లగ్ అయితే కింది రాగి వాషర్ మరిచిపోవద్దు. టర్బో ప్లగ్‌కి వాషర్ ఉండదు, దాని వాలు అంచే గాలి పోకుండా ఆపుతుంది. థ్రాటిల్‌ను మళ్లీ ఐడిల్‌కి (కారు కదలకుండా ఇంజన్ నెమ్మదిగా తిరిగే స్థానం) తెచ్చాకే ఇగ్నైటర్ పెట్టండి.

తాడు సాఫీగా వస్తోంది, ఫ్లైవీల్ మాత్రం కదలడం లేదు

ఇది వన్‌వే బేరింగ్ జారడం. తాడు చుట్టుకునే చక్రం మధ్యలో ఉండే ఈ బేరింగ్‌లో సన్నటి సూదుల్లాంటి రోలర్లు ఉంటాయి. ఒక దిశలో అవి షాఫ్ట్‌ను పట్టుకుంటాయి, రెండో దిశలో వదిలేస్తాయి. ఇంజన్ ఆయిల్ బ్యాక్‌ప్లేట్ (ఇంజన్ వెనక మూత) సందుల్లోంచి అక్కడికి చేరి చిక్కబడితే రోలర్లు తమ స్థానంలోకి దొర్లలేవు. ఆముదం ఎక్కువున్న ఇంధనం వాడితే, నెలల తరబడి కారు పక్కన పెడితే ఇది మరీ ఎక్కువ.

పుల్ స్టార్ట్ డబ్బా స్క్రూలు విప్పి, చక్రం జారిపోకుండా పట్టుకుని మొత్తాన్ని వెనక్కి తీయండి. చక్రం డబ్బాలోంచి విడిపోతే లోపలి చుట్టు స్ప్రింగ్ ఒక్కసారిగా విచ్చుకుంటుంది, వేళ్లు కోసుకుపోతాయి. బేరింగ్‌ను నైట్రో క్లీనర్‌తో కడిగి, ఆరాక ఒకే ఒక్క చుక్క పల్చటి ఆయిల్ వేయండి. గ్రీజు వద్దు, మళ్లీ అదే జారుడు మొదలవుతుంది. స్టార్టర్ షాఫ్ట్‌ను వెలుతురులో తిప్పి చూడండి. రోలర్లు తాకే చోట గోటికి తగిలేంత గాడి పడి ఉంటే కడిగి లాభం లేదు. షాఫ్ట్, బేరింగ్ రెండూ కలిపి మార్చాలి, ఒక్కటే మారిస్తే అరిగినది కొత్తదాన్నీ త్వరగా అరగదీస్తుంది.

తాడు మాటిమాటికీ తెగుతుంటే మాత్రం లాగే తీరు చూసుకోవాలి. 20 నుంచి 30 సెం.మీ. లోపే, చురుగ్గా, నేరుగా లాగాలి. చివరిదాకా గుంజితే ముడి దగ్గర తాడు, లోపల స్ప్రింగ్ కొక్కెం రెండూ పోతాయి. లాగాక పిడిని వదిలేయకుండా చేత్తోనే వెనక్కి తీసుకెళ్లండి.

కొత్త ఇంజన్ పై చివర ఇరుక్కుంటోంది

చెడిపోయిందని భయపడొద్దు. ఈ ఇంజన్లలో పిస్టన్ రింగులు ఉండవు. స్లీవ్ (పిస్టన్ కదిలే గొట్టం) పై భాగం లోపల కొద్దిగా ఇరుకుగా చెక్కి ఉంటుంది, వేడెక్కి వ్యాకోచించాకే పిస్టన్‌కి సరిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు పై చివర బిగువు సహజం, మంచి ఇంజన్‌కి అది లక్షణం కూడా.

హెయిర్ డ్రయ్యర్‌తోనో హీట్ గన్‌తోనో హెడ్‌ను సుమారు 90 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేసి స్టార్ట్ చేయండి. అయినా బిగువుంటే గ్లో ప్లగ్‌ను అర చుట్టు వదులు చేయండి, కొంత కంప్రెషన్ బయటికి పోయి తేలిగ్గా తిరుగుతుంది. ఇంజన్ అందుకోగానే ప్లగ్ బిగించాలి. పిస్టన్ పైనే ఇరుక్కుపోతే ప్లగ్ తీసి, ఫ్లైవీల్ గాడిలో స్క్రూడ్రైవర్ మోపి ముందుకే నెట్టండి. పుల్ స్టార్ట్ ఉన్న ఇంజన్‌ను వెనక్కి తిప్పితే వన్‌వే బేరింగ్ పట్టుకుని స్ప్రింగ్ మీద భారం పడుతుంది. నడపడం అయిపోయాక పిస్టన్‌ను కింది చివర ఆపి ఉంచడం మంచి అలవాటు. ఆ స్థానానికి ఫ్లైవీల్ మీద మార్కర్‌తో గీత పెట్టుకుంటే ప్రతిసారీ వెతుక్కోనక్కర్లేదు.

21 సైజు, అంటే 3.5 సీసీ కొత్త ఇంజన్‌ను తాడుతో బ్రేక్-ఇన్ (మొదట్లో నెమ్మదిగా నడిపి భాగాలు కుదురుకోనివ్వడం) చేయడం నిజంగానే కష్టం. 12 నుంచి 18 సైజు దాకా, అంటే సుమారు 2 నుంచి 3 సీసీ వరకు తాడు సరిపోతుంది. పెద్ద ఇంజన్ అయితే ఇక్కడ పద్ధతి మార్చడం సమంజసమే.

రాడ్డు స్టార్టర్ గిర్రున తిరుగుతోంది, ఇంజన్ తిరగడం లేదు

చేతి మోటారుకు షట్కోణపు రాడ్డు తగిలించి బ్యాక్‌ప్లేట్‌లోకి దూర్చే రకం ఇది. రాడ్డు కొన అంచులు అరిగి గుండ్రమయ్యాయేమో ముందు చూడండి. సగం దూర్చి మోటారు నొక్కేస్తే అంచులు అరిగేది ఇలాగే. పూర్తిగా కూర్చున్నాకే నొక్కాలి. కొన బాగుంటే బ్యాక్‌ప్లేట్‌లోని వన్‌వే బేరింగ్ జారుతోంది, పైన చెప్పిన శుభ్రమే దీనికీ.

మోటారు మూలుగుతూ ఆగిపోతే వెంటనే బటన్ వదిలేయండి. 7.2 వోల్ట్ ప్యాక్ నిండుగా ఉండి కూడా ఆగిందంటే సిలిండర్లో ఇంధనం ఉంది. పట్టుదలగా నొక్కి ఉంచితే గేర్ల పళ్లు రాలతాయి. కారులోనే మోటారు బిగించి ఉండే రకానికీ ఇదే జాగ్రత్త, ఒక్కోసారి 5 సెకన్లకు మించకుండా నొక్కి, మధ్యలో చల్లారనివ్వాలి. ఆ రకంలో గ్లో ప్లగ్‌కి కరెంటు కూడా అదే తీగల కట్ట ద్వారా వెళ్తుంది, కాబట్టి ఇంజన్ తిరుగుతూ అంటుకోకపోతే ప్లగ్ క్లిప్పు వదులైందా, ఆయిల్ మురికి పట్టిందా చూడండి.

రాడ్డుకు మామూలు కార్డ్‌లెస్ డ్రిల్ తగిలించేవాళ్లు స్క్రూ బిగించే దిశలోనే తిప్పాలి. వెనక నుంచి చూస్తే క్రాంక్ సవ్య దిశలోనే తిరుగుతుంది కాబట్టి అది సరిపోతుంది.

స్టార్టర్ బాక్స్: రబ్బరు కాలిన వాసన, లేదా కారు ఆనగానే చక్రం ఆగిపోవడం

బాక్స్ మీద చక్రం ఖాళీగా జోరుగా తిరిగి, కారు నొక్కగానే ఆగితే ముందు బ్యాటరీని అనుమానించండి. చాలా బాక్సులు 12 వోల్ట్, 7 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీతో గానీ, వరుసగా కలిపిన రెండు 7.2 వోల్ట్ ప్యాక్‌లతో గానీ నడుస్తాయి. రెండు ప్యాక్‌లలో ఒకటి నీరసపడితే చాలు, భారం మీద పడగానే మొత్తం వోల్టేజీ పడిపోతుంది. మల్టీమీటర్ పెట్టి, మోటారు తిరుగుతున్నప్పుడు ఒక్కో ప్యాక్‌ను విడిగా కొలవండి. ఖాళీగా కొలిచిన అంకె ఇక్కడ పనికిరాదు.

రబ్బరు వాసన వస్తే చక్రం ఫ్లైవీల్‌కి కాక ఛాసిస్ అంచుకో, ఇంజన్ మౌంట్‌కో, క్లచ్ బెల్‌కో రాసుకుంటోంది. కారును ఎత్తి ఛాసిస్ అడుగు చూడండి, రబ్బరు నల్లటి చార ఎక్కడుందో అదే తగులుతున్న చోటు. బాక్స్ మీద కారును నిలిపే నాలుగు పెగ్గులు కదిపి, ఛాసిస్‌లోని సందు మధ్య నుంచి ఫ్లైవీల్ సరిగ్గా చక్రం మీదికి వచ్చేలా సరిచేయండి. పెగ్గుల మధ్య కారు అటూ ఇటూ ఊగకూడదు. చార లేకుండా ఫ్లైవీల్ మీదే జారుతుంటే దాని పళ్ల మధ్య ఆయిల్ ఉంది, రెండింటినీ క్లీనర్‌తో తుడవండి.

తీగలు తారుమారైతే చక్రం వెనక్కి తిరుగుతుంది. ఫ్లైవీల్‌కి వ్యతిరేక దిశలో చక్రం తిరగాలి, మొదటిసారి వాడేముందు కారు పెట్టకుండానే ఇది సరిచూసుకోండి. నొక్కడం రెండు మూడు సెకన్లు, ఆపి చూడటం, మళ్లీ నొక్కడం. ఎడతెగకుండా నొక్కి ఉంచితే ఇంధనం లాక్కొచ్చి సిలిండర్ నింపేస్తారు.

కారు పెట్టేముందు ట్రాన్స్‌మిటర్, తర్వాత రిసీవర్ ఆన్ చేసి కార్బొరేటర్ తెరుపు కళ్లతో చూడండి. ఐడిల్‌లో అర నుంచి ఒక మి.మీ. సందు చాలు. థ్రాటిల్ తెరిచి ఉండగా అంటుకుంటే, చక్రాలు గాల్లో ఉన్న ఇంజన్ క్షణంలో అదుపు తప్పి తిరుగుతుంది, కనెక్టింగ్ రాడ్డు విరిగేది అలాంటి క్షణాల్లోనే. ఇంధన గొట్టాన్ని నొక్కి ఇంజన్ ఆపడానికి మరో చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉంచుకోండి.

ఏ పద్ధతిలోనైనా బాగా తిరుగుతోంది, అంటుకోవడం లేదు

ఇక స్టార్టర్ ఊసు వదిలేయండి. ప్లగ్ తీసి, పటకారుతో పట్టుకుని ఇగ్నైటర్ తగిలించండి. తీగ చుట్ట మొత్తం ప్రకాశవంతమైన నారింజ రంగులో వెలగాలి. మసక ఎరుపుగా ఉంటే ఇగ్నైటర్ ఛార్జ్ తగ్గింది, పైన రెండు చుట్లే వెలిగితే ప్లగ్ పోయింది. ఇగ్నైటర్ వోల్టేజీ 1.2 నుంచి 1.5 మధ్యే ఉంటుంది, అంతకు మించిన బ్యాటరీ తగిలిస్తే చుట్ట వెంటనే తెగిపోతుంది.

ప్లగ్ బాగుంటే ఇంధన గొట్టం చూడండి. బుడగలు వస్తుంటే ట్యాంక్ మూత సీలో, గొట్టం చీలికో, సైలెన్సర్ నుంచి వచ్చే ప్రెషర్ గొట్టం ఊడటమో కారణం. మూత తెరిచి వదిలేసిన ఇంధనం గాలిలో తేమ పీల్చుకుంటుంది, కొత్త డబ్బాతో ఒకసారి ప్రయత్నించండి. ఇంధనం పాళ్లు సరిచేసే కార్బొరేటర్ సూదులన్నీ తిప్పేసి ఉంటే తయారీదారు చెప్పిన మొదటి స్థానానికి తెచ్చి మొదలుపెట్టడమే మేలు. అంటుకుని, ఇగ్నైటర్ తీయగానే ఆగిపోతుంటే ఒక అర నిమిషం వేడెక్కనిచ్చి తీయండి. అప్పుడూ ఆగితే లో-స్పీడ్ సూది రిచ్‌గా ఉంది (ఇంధనం ఎక్కువ వెళ్తోంది), లేదా ప్లగ్ నీరసించింది.

మిథనాల్ మంట పగటి వెలుతురులో కనబడదు. ఒలికిన ఇంధనం తుడిచాకే ఇగ్నైటర్ పెట్టాలి.

అయితే చివరికి ఏది ఎంచుకోవాలి

మైదానానికి ఏదీ మోసుకెళ్లకుండా చిన్న ఇంజన్ నడిపేవాళ్లకు తాడే మేలు. ఒక ఇగ్నైటర్ ఉంటే చాలు. భుజం నొప్పో, పిల్లలు స్టార్ట్ చేయాల్సి రావడమో ఉంటే రాడ్డు. దానికి వన్‌వే బేరింగ్ ఉన్న ప్రత్యేక బ్యాక్‌ప్లేట్ కావాలి, చాలా పుల్ స్టార్ట్ ఇంజన్లకు అది విడిగా దొరుకుతుంది.

బాక్స్‌కి మాత్రం రెండు షరతులు. ఫ్లైవీల్ ఛాసిస్ అడుగున సందులోంచి కనబడాలి, అడుగు చదునుగా ఉండాలి. 8వ వంతు స్కేల్ బగ్గీలు ఇందుకు కుదురుతాయి, ఎత్తైన మాన్‌స్టర్ ట్రక్కుల్లో చాలావాటికి కుదరదు. కొనేముందు కారును తిరగేసి ఆ సందు ఉందో లేదో చూసుకోండి. పుల్ స్టార్ట్ ఇంజన్‌ను బాక్స్ మీద నిరభ్యంతరంగా స్టార్ట్ చేయొచ్చు, వన్‌వే బేరింగ్ క్రాంక్‌ను వదిలేస్తుంది. బరువు తగ్గాలనుకుంటే పుల్ స్టార్ట్ తీసి, అదే ఇంజన్‌కి సరిపడే మూసిన బ్యాక్‌ప్లేట్ బిగించవచ్చు. తిరుగుదారి మాత్రం సాధారణంగా ఉండదు. రేసింగ్ ఇంజన్ క్రాంక్ పిన్ చివర స్టార్టర్ షాఫ్ట్‌ను పట్టుకునే పొడిగింపు ఉండదు కాబట్టి, దానికి తాడు గానీ రాడ్డు గానీ తగిలించాలంటే క్రాంక్‌షాఫ్టే మార్చాల్సి వస్తుంది.